రాజోలు గట్టున రెండు లెన్సులు

మద్రాసులో ఒక వారపత్రిక సంపాదకుడు నాకు రాసిన ఉత్తరం ఇప్పటికీ నా స్టూడియో గోడకు మేకు కొట్టి ఉంది. కర్నూలు మైదానంలో జరిగిన ఫుట్‌బాల్ పోటీ ఫోటోలు ఆరు పంపితే ఆయన రెండే వాక్యాలు రాశాడు. "ఆటగాళ్లు పొగలాగా ఉన్నారు. బంతి ఎక్కడుందో బాణం గుర్తు వేసి పంపగలరు." అంతకు ముందు ఏడాది బట్టమేక పిట్ట ఫోటో పంపినప్పుడు "ఇది పిట్టా, రాయా?" అని అడిగింది కూడా ఆయనే. ఆ పిట్ట కోసం నేను మూడు రోజులు ఎర్రటి ఎండలో జొన్నచేల గట్ల మీద బోర్లా పడుకున్నానని ఆయనకు తెలియదు. తెలిసినా అలాగే రాసేవాడు.

లోపం నా చేతిలో లేదు, లెన్సులో ఉంది. మామూలు లెన్సుతో తీస్తే రెండు వందల గజాల అవతల ఉన్న పిట్ట ఆవగింజంత పడుతుంది. దూరాన్ని దగ్గరికి లాగే లెన్సులు వేరే ఉన్నాయి. వాటిలో రెండు రకాలు. ఒకటి పొడుగు గొట్టం, నోరు చిన్నది. ఎంత దూరాన్నయినా లాగుతుంది కాని వెలుతురును కొద్దికొద్దిగా లోపలికి రానిస్తుంది. అంచేత షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆ కాస్సేపట్లో పరుగెత్తే మనిషి పొగైపోతాడు. రెండోది పొట్టిది, నోరు పెద్దది. వెలుతురును గటగటా తాగుతుంది. పరుగెత్తేవాణ్ణి గాలిలోనే ఆపేస్తుంది. కాని అంత దూరం లాగదు. అడవి జంతువులకూ, ఆటలకూ కలిపి ఒక్కటే కొనుక్కోగలవాడు ఏది కొనాలి? ఈ ప్రశ్నతో నాకు రెండేళ్లు నిద్ర లేదు.

మందుల కంపెనీ ఏజెంటు ఒకాయన ఫోటో తీయించుకోవడానికి వచ్చి దారి చెప్పాడు. రాజోలు తాలూకాలో ఒక డాక్టరు యుద్ధంలో పనిచేసి తిరిగి వస్తూ జర్మనీ లెన్సులు రెండు తెచ్చుకున్నారట. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. ఆయన పోయారు. భార్య బడిపంతులమ్మ. నా కెమెరా కూడా ఆ లెన్సులు చేసిన కంపెనీదే. ఉత్తరం రాస్తే వారంలో జవాబు వచ్చింది. "దయచేసి రండి. రెండూ వాడి చూసి మీకు కావలసినది తీసుకోండి. రెండవది నా వద్ద ఉంటుంది."

మాఘమాసంలో బయలుదేరాను. నేను వెళ్తుంటే తలుపు వేసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు కనుక తాళం వేశాను.

జొన్నాడ రేవు

రాజమండ్రి నుంచి వచ్చిన బస్సు గోదావరి ఒడ్డున దింపేసింది. అవతల రావులపాలెం. కోనసీమకు వెళ్లాలంటే నీళ్లు దాటవలసిందే. మా తుంగభద్రను మాఘంలో పిల్లలు నడిచి దాటుతారు. ఇక్కడ ఈ చివర నుంచి ఆ చివర చూడాలంటేనే కళ్లు నొప్పి పుట్టాయి.

లాంచి వెళ్లిపోయిందన్నారు. ఎప్పుడు వెళ్లిందంటే "ఇప్పుడేనండి" అన్నారు. బస్సు వస్తున్నది కనిపించి కూడా ఎందుకు ఆపలేదని రేవు గుమాస్తాను అడిగాను.

"ఆయ్. ఆపాల్సిందేనండి" అన్నాడతను.

"మరి ఆపలేదేం?"

"అదే కదండీ మరి. తమరు ఎండలో నించోకండి. ఇలా కూచోండి. ఒక్కరే వచ్చేరా అండి?"

ఒక్కణ్ణే అన్నాను. అతను అయ్యో అన్నట్టు తల ఊపి, తన బల్ల ఖాళీ చేసి ఇచ్చాడు. పోట్లాడేవాడికి ఎదుటివాడు కూడా కొంత సాయం చేయాలి. అతను ఏమాత్రం చేయలేదు. గంటన్నర ఆ బల్ల మీద కూర్చున్నాను.

కొత్తపేట

కొత్తపేటలో దిగగానే వెలుతురు కొలిచే లైటు మీటరు తీసి చూశాను. పట్టపగలు పదకొండు గంటలకు ముల్లు సగానికి కూడా లేవలేదు. మీటరు పాడైందేమోనని రోడ్డు మధ్యకు వచ్చి చూస్తే సరిగానే లేచింది. కొబ్బరితోటలోకి అడుగు పెడితే మళ్లీ పడిపోయింది. మేము నీడ కోసం వెతుక్కుంటాం. వీళ్లు వెలుతురు కోసం వెతుక్కోవాలి. ఇలాంటి చోట ఆ డాక్టరు పెద్ద నోరున్న లెన్సు ఎందుకు కొన్నారో అర్థమైంది. మా ఊరి ఎండకు పొడుగుది సరిపోతుంది గదా అని అంతవరకు అనుకుంటూ వచ్చాను. మనసులో తక్కెడ అప్పుడే ఊగడం మొదలైంది.

హోటల్లో పొట్టిక్కలు తిన్నాను. పనసాకులతో చిన్న బుట్టలు కుట్టి, అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. రెండు అణాలకు నాలుగు. ఆకు వాసన పిండికి పడుతుంది. బాగుందని చెప్పడానికి పక్కన ఎవరైనా ఉంటే బాగుండేది. నా తరువాత వచ్చిన ముగ్గురికి కాఫీ ఇచ్చి నాకు ఇవ్వలేదు. ఆ సంగతి యజమానితో గట్టిగానే చెప్పాను.

"తప్పు మాదేనండి" అని ఆయన చేతులు కట్టుకున్నాడు. "తమరు తీరిగ్గా తింటున్నారు గదా, చల్లారిపోద్దని ఆగేనండి. ఒక్కరే వచ్చేరేంటండి?"

కాఫీ వేడిగా ఉంది. అదీ ఫిర్యాదుకు పనికి రాలేదు.

అమలాపురం

ఫిల్ము కొందామని ఒక ఫోటో స్టూడియోకు వెళ్లాను. యజమాని నా వయసువాడే, తెల్లపంచె, జేబులో రెండు కలాలు. ఏ పని మీద వచ్చానో అడిగాడు. చెప్పాను. దూరం నుంచి తీసే లెన్సు అనగానే అతనికి నవ్వొచ్చింది.

"దూరం నుంచి తియ్యడం ఎందుకండి? కాస్త దగ్గరికెళ్లి నించుంటే పోలే?"

"పిట్ట ఎగిరిపోతుంది."

"మనుషులు ఎగిరిపోరు కదండి. ఆటలాడేవాళ్లనీ దూరం నుంచే తీస్తారా?"

"మైదానంలోకి రానివ్వరు."

"అడిగేరా?"

ఫిల్ము ధర అడిగాను. మైదానంవాళ్లను మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ణి పట్టుకుని ఆ మాట అనడం అతనికి తగదు. ఫిల్ము మాత్రం తాజాదే ఇచ్చాడు. వద్దంటున్నా గుమాస్తాను బస్సు దాకా పంపి సీటు పట్టించాడు. అతని మీద కోపం పూర్తిగా పెట్టుకోవడానికి వీల్లేకుండా చేశాడు. సగం మాత్రం ఉంచుకున్నాను.

గట్టు మీద ఇల్లు

అమలాపురానికీ రాజోలుకూ మధ్య వైనతేయ నది. బస్సును కూడా ఎక్కించుకునే వెడల్పాటి బల్లకట్టు మీద దాటాలి. దాన్ని ఇక్కడ పంటు అంటారు. అవతలి గట్టు దిగి అరమైలు నడిస్తే డాక్టరు గారి భార్య సుగుణమ్మ గారి ఇల్లు.

అరవై దాటిన మనిషి. తెల్లచీర, నుదుట బొట్టు లేదు. గోడ మీద సిలువ, దాని కింద మిలిటరీ దుస్తుల్లో డాక్టరు గారి ఫోటో. మిషను బడిలో ముప్పై ఏళ్లు చదువు చెప్పి, ఇప్పుడు కూడా సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతారు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, తువ్వాలు, తాగడానికి కొబ్బరిబోండం, తినడానికి పనసపొట్టు కూర, ఆవపెట్టిన పులుసు. నేను వచ్చిన పని మాట భోజనం అయ్యేదాకా ఎత్తనే లేదు.

"రెండూ ఉంచుకోవచ్చు గదమ్మా, ఒకటి ఇవ్వడం ఎందుకు?" అని నేనే అడిగాను.

"వాడకపోతే గాజు గుడ్డిదైపోద్దని మా డాక్టరు గారు అనేవారు బాబూ. నాకు తియ్యడం రాదు. ఒకటైనా లోకం చూస్తుందని."

"ఏది ఉంచుకుందామనుకున్నారు?"

"అది మీ ఇష్టమండి. అవసరం మీది. మీరు తీసుకోగా మిగిలింది నాది."

పెట్టెలు తెచ్చారు. పొడుగుది తీస్తే పైన దుమ్ము, లోపల గాజు మీద సాలెగూడులాగా సన్నటి బూజు. ఈ చెమ్మకు అది మామూలే. తుడిచి వాడుకోవచ్చు, ఇంకా ముదిరితే కష్టం. పొట్టిది తీయగానే చేయి జారింది. గొట్టం నిండా కొబ్బరినూనె. ముందు గాజు మీద కూడా నూనె పొర. లోకాన్ని ఆవిరి పట్టిన కిటికీలోంచి చూసినట్టుంది.

నా నోరు ఆగలేదు. "ఎవరు చేశారమ్మా ఈ పని?"

"నేనేనండి. ప్రతి శనివారం రాస్తాను. కుట్టుమిషనుకీ, తాళాలకీ రాస్తాం గదా, తుప్పు పట్టకుండా."

"ఇది తాళం కాదు! లెన్సుకు ఎవరైనా నూనె రాస్తారా? ఇంకో ఏడాది పోతే నూనె లోపలికి దిగి పనికిరాకుండా పోయేది. ఎవర్నైనా అడగకూడదా?"

ఆమె చేతులు పైటలో దాచుకున్నారు. "ఆయ్. తప్పయిపోయిందండి. ఎలా తుడవాలో చూపించండి, నేర్చుకుంటాను."

స్పిరిటు, మెత్తని గుడ్డ తీసి చూపించాను. మధ్య నుంచి అంచుకు, గుండ్రంగా, నొక్కకుండా. బళ్లో పిల్లలాగా పక్కన నిలబడి చూశారు. డాక్టరు గారు ఉంటే ఇలా జరిగేది కాదని కూడా అన్నాను. ఆమె గుడ్డ మడిచి నా చేతికిచ్చారు.

బంతి, నీటికుక్కలు

ఆ సాయంత్రం బడి మైదానంలో బాల్ బాడ్మింటన్. ఈ తాలూకాలో అది ఆట కాదు, జాతర. మావైపు కుస్తీకి వచ్చినంత జనం వచ్చారు. పసుపు ఉన్నిబంతి కొబ్బరిచెట్ల నీడలోకి వెళ్లి మాయమై మళ్లీ వెలుగులోకి వస్తోంది. సుబ్బరాజు అని జట్టు నాయకుడు, ఆరడుగుల మనిషి. నన్ను తాడు బయట చూసి తనే వచ్చాడు.

"టీచరు గారి చుట్టాలేనా అండి? అంత దూరాన కూచున్నారేంటి? లోపలికి రండి. గీత పక్కన స్టూలేయిస్తాను."

"వద్దు. దూరం నుంచి తీయడానికే వచ్చాను."

"ఆయ్. బంతి తగిలినా ఏం కాదండి, ఉన్నిదే" అని నవ్వి వెళ్లిపోయాడు. తాడు అవతల కూర్చున్నవాళ్లంతా నావైపు తిరిగి చూశారు. అమలాపురం స్టూడియోవాడు గుర్తొచ్చాడు. అయినా లేవలేదు.

అరగంట పొడుగు లెన్సుతో, అరగంట పొట్టి లెన్సుతో తీశాను. మరునాడు ఉదయం ఏటిగట్టుకు వెళ్లాను. మంచు ఇంకా వీడలేదు. ఏటి మధ్య లంక దగ్గర నీటికుక్కలు ఐదు, తల్లి వెంట పిల్లలు, చేపను పట్టుకుని గుంజుకుంటున్నాయి. వలలు ఆరేసుకుంటున్న జాలరి ఒకాయన "వీటికి ఫోటో కూడానా అండి? మా వలలన్నీ చింపేసింది ఇవేనండి" అన్నాడు. శత్రువును ముద్దుగా తిట్టినట్టు తిట్టాడు. అక్కడా రెండు లెన్సులతో తీశాను.

మధ్యాహ్నం సుగుణమ్మ గారి సామాన్లగది కిటికీకి దుప్పట్లు కట్టి ఫిల్ము కడిగాను. తీర్పు స్పష్టంగా వచ్చింది. పొడుగు లెన్సులో నీటికుక్కలు పెద్దవిగా పడ్డాయి, కాని ఉన్నిదారం చిక్కులాగా ఉన్నాయి. సుబ్బరాజుకు నాలుగు చేతులు. పొట్టి లెన్సులో నీటికుక్కలు చిన్నవే, అయినా మీసాల మీద నీటిబొట్టు కనిపిస్తోంది. సుబ్బరాజు నేలకు రెండడుగుల ఎత్తున ఆగిపోయి ఉన్నాడు. కళ్లు బంతి మీద. బంతి బ్యాటు మీద. బాణం గుర్తు అక్కర్లేదు.

ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. ఇరవై ఏళ్లలో నేను తీసిన మంచి ఫోటో అది. చూపించడానికి ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కరే. పిలిచి చూపించాను.

"బంతి కనపడుతోందండి" అన్నారు. ఇంకా దగ్గరికి వంగి, "మా డాక్టరు గారు కూడా ఇలాగే వెలుతురుకు పెట్టి పిలిచేవారు" అన్నారు.

పొట్టిదే తీసుకుంటానని చెప్పాను.

"ఆయ్" అన్నారు. "మంచిదే ఎంచుకున్నారు."

పెట్టెలో పెట్టేముందు ఆమే గుడ్డ తీసుకుని, నేను చూపినట్టే మధ్య నుంచి అంచుకు, గుండ్రంగా, నొక్కకుండా తుడిచారు. నేను చెప్పిన దానికంటే ఎక్కువసేపు తుడిచారు. పాఠం బాగా నేర్చుకున్నారని అప్పుడు సంతోషించాను.

పంటు మీద

వచ్చినవాళ్లను రేవుదాకా సాగనంపి, పడవ అవతలికి చేరేదాకా గట్టు మీద నిలబడటం వీళ్ల ఆచారం. మావైపు గడపలో నిలబడి తల ఊపితే మర్యాద అయిపోతుంది. తెల్లవారి ఇంకా మబ్బుగా ఉంది. వద్దన్నా వినకుండా గొడుగు పట్టుకుని వచ్చారు. దారిలో తినమని పొట్టిక్కలు కట్టి ఇచ్చారు. పంటు కదిలేదాకా నవ్వుతూనే ఉన్నారు. "జాగ్రత్తండి బాబూ. ఫోటో పత్రికలో పడితే ఒక ముక్క రాయండి" అన్నారు. రాస్తానన్నాను.

పంటులో ఎవరి గుంపులో వాళ్లు మాట్లాడుకుంటున్నారు. నేను ఒక మూల కొబ్బరికాయల బస్తా మీద కూర్చున్నాను. నా సొంతమైన లెన్సును ఇంకా సొంతంగా ఒక్కసారైనా చూడలేదు కదా అని కెమెరాకు బిగించి, ఇప్పుడే వదిలిన గట్టువైపు తిప్పాను. అప్పటికి వంద గజాలు వచ్చి ఉంటాం. ఆ మబ్బు వెలుతురులో ఇంకో లెన్సు అయితే అంతా బూడిదగా ఉండేది. ఇందులో ఆమె గొడుగు కమ్ముల్తో సహా కనిపించింది.

నవ్వు లేదు. అంత దూరం నుంచి ఎవరికీ కనపడదనుకున్నారు కాబోలు. నోరు కొంచెం తెరిచి ఉంది. గొడుగు భుజం మీదికి ఒరిగిపోయింది. కుడిచేత్తో పైటకొంగు పట్టుకుని, ఎడమ అరచేతిలో బొటనవేలితో, మధ్య నుంచి అంచుకు, గుండ్రంగా తుడుస్తున్నారు. అరచేతిలో ఏమీ లేదు.

అప్పుడు తెలిసింది. పొడుగు లెన్సు మీద దుమ్ము ఉంది, బూజు ఉంది. దానికి ఏ శనివారమూ ఎవరూ నూనె రాయలేదు.

నా వేలు షట్టరు మీద ఉంది. అది ఎలాంటి ఫోటో అయ్యేదో నాకు తెలుసు. ఆ సంపాదకుడు కూడా నోరెత్తలేని ఫోటో. వేలు తీసేశాను.

మొదట వచ్చింది కోపమే. ఆ ఒక్క మాట నోటితో చెబితే ఏం పోయింది? మొదటి రోజే అడిగాను కదా. నా అవసరం కొండంత చేసి, తన అవసరం పైట కింద దాచిపెట్టడం ఏం మర్యాద? ఇలాంటి మర్యాద ఎదుటివాణ్ణి దొంగను చేస్తుంది. ఇదంతా చెప్పుకోవడానికి పంటులో నాకు ఎవరూ లేరు. కొబ్బరిబస్తాల ఆసామి "ఒక్కరేనా అండి?" అని పలకరించాడు. అవునన్నాను.

అవతలి గట్టున అమలాపురం బస్సు సిద్ధంగా ఉంది. కండక్టరు "రండి రండి, సీటుంది" అని పిలిచాడు. మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాను. సంచిలో సుబ్బరాజు గాలిలో ఆగి ఉన్నాడు. అలాంటివి ఇంకా వంద తీయవచ్చు. పొడుగు లెన్సుతో వెళ్తే ఆటలు నాకు ఇక లేవు. గోడ మీది ఉత్తరం గోడ మీదే ఉంటుంది. మా ఊరి ఎండలో బట్టమేక పిట్టలు మిగులుతాయి, బూజు ముదరకపోతే.

"ఎక్కుతారా అండి, ఉంటారా?"

కాలు దించాను. తిరుగు పంటు కదలడానికి ముప్పావు గంట పట్టింది. ఎందుకింత ఆలస్యమని ఎవరినీ అడగలేదు.

మళ్లీ గట్టు మీద ఇల్లు

మందారమొక్కలకు నీళ్లు పోస్తున్నారు. నన్ను చూడగానే ముఖంలోకి నవ్వు వచ్చింది. "ఏంటండి, ఏమైనా మర్చిపోయేరా?"

వరండాలో బల్ల మీద పెట్టె పెట్టాను. "మర్చిపోలేదు. ఈ లెన్సులో లోపం ఉంది."

చెంబు కింద పెట్టారు. "అయ్యో. నూనె వల్లేనాండి?"

"నూనె కాదు. ముందే చూసుకోవలసింది. నాకు ఇది పనికిరాదు. ఇంత దూరం వచ్చి మోసపోయి వెళ్లలేను. ఆ పొడుగుది ఇవ్వండి."

గొంతు పెంచే చెప్పాను. పక్కింటివాళ్లు కంచె దగ్గరికి వచ్చి చూశారు. ఆమె పెట్టె ముట్టుకోలేదు.

"నిన్న ఫోటో అంత బాగా వచ్చింది గదండీ. ఏం లోపం?"

"దూరం చాలదు."

"చాలదాండి?"

"చాలదు. పంటు మీంచి చూశాను. గట్టు మీద మనిషి ఉన్నట్టు తెలిసింది గాని, మొహం కనపడలేదు."

ఆమె నావైపు చూశారు. బళ్లో లెక్క తప్పు చేసి ఒప్పని వాదించే పిల్లవాణ్ణి చూసినట్టు, తొందర లేకుండా చూశారు. తరువాత చేతులు పైటకు తుడుచుకుని, పెట్టెను రెండు చేతులతో ఎత్తుకున్నారు.

"ఆయ్" అన్నారు. "అలాగైతే పొడుగుదే పట్టుకెళ్లండి."